‘ఈ వయసులో మామూలే’ అనకముందు

(రాజమహేంద్రవరంలో ఒక పెన్షనర్ల సంఘం సమావేశంలో, హైదరాబాదులో పెద్దవాళ్ళతో పనిచేసే ఒక సీనియర్ క్లినికల్ సైకాలజిస్ట్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. మర్యాద కోసం అడగటం లేదు. నా పని మొదలయ్యేదే ఈ ప్రశ్నతో. చెవులు సరిగ్గా వినపడని మనిషికి నేను గబగబా అయిదు మాటలు చెప్పి, అయిదు నిమిషాల తరవాత మళ్ళీ చెప్పమంటే ఆయన చెప్పలేరు. నేను కాగితం మీద "జ్ఞాపకశక్తి తక్కువ" అని రాసేస్తాను. ఆయన మర్చిపోయిందేం లేదు, అసలు వినలేదంతే. అందుకని నా సొరుగులో స్టెతస్కోపు ఉండదు గానీ, మాట పెద్దగా వినిపించే చిన్న యంత్రం ఒకటి, హెడ్‌ఫోన్లు ఉంటాయి. వాటితోపాటు రెండు మూడు నంబర్ల చదువుకునే కళ్ళద్దాలు. చాలామంది అద్దాలు ఇంట్లో మర్చిపోయి వస్తారు. అది మతిమరుపు కాదండోయ్, కంగారు. (నవ్వులు)

ఇందాక అధ్యక్షులవారు నన్ను "మతిమరుపు డాక్టరమ్మ" అని పరిచయం చేశారు. చిన్న సవరణ. నేను మందులు రాయను. మందులు రాసేది సైకియాట్రిస్టు, న్యూరాలజిస్టు. నేను చేసేది మాట్లాడటం, పరీక్షలు పెట్టడం, మళ్ళీ మాట్లాడటం. ఒక పెద్దాయన నా గదిలో గంటన్నర కూర్చుని, లేస్తూ, "ఇంతకీ ఇంజెక్షన్ ఎప్పుడు వేస్తారమ్మా?" అన్నారు. ఆయన లెక్కలో వైద్యం ఇంకా మొదలే కాలేదు.

నా గదిలో రోజూ జరిగేది ఒకటి చెబుతాను. మూడు కుర్చీలు. మధ్యలో అమ్మ, అటు కొడుకు, ఇటు కోడలో కూతురో. నేను అమ్మవైపు తిరిగి, "ఎలా ఉన్నారమ్మా?" అంటాను. "ఏం తెలియట్లేదండీ, అన్నీ మర్చిపోతోంది" అని అబ్బాయి చెబుతాడు. "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" "బాగానే పడుతోందండీ, మధ్యాహ్నం కూడా పడుకుంటుంది." మళ్ళీ అబ్బాయే. అమ్మ గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉంటుంది. అబ్బాయి చెడ్డవాడేం కాదు. సెలవు పెట్టుకుని, క్యాబ్ మాట్లాడుకుని, పాత రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టి తెచ్చాడు. అతనిది ఆదుర్దా. కానీ పావుగంట గడిచినా నేను ఆవిడ గొంతు వినలేదు.

అప్పుడు అబ్బాయిని కాసేపు బయట కూర్చోమంటాను. తలుపు మూశాక మొదట్లో చాలామంది ఏం మాట్లాడరు. తమ సంగతి తాము చెప్పుకునే అలవాటు పోయి ఉంటుంది. నేను కూడా ఊరుకుంటాను. అలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒకావిడ అలాగే రెండు మూడు నిమిషాలు కొంగు మడతపెట్టుకుంటూ కూర్చుని, చివరికి ఇలా అన్నారు: "నాకన్నీ గుర్తున్నాయమ్మా. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు చెప్పడానికే విసుగు."

ఆవిడ డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే జబ్బు, అన్న అనుమానంతో వచ్చారు. తేలింది డిప్రెషన్. భర్త పోయి ఏడాదిన్నర. ఇల్లు అమ్మేసి హైదరాబాదు తీసుకొచ్చారు. పదహారో అంతస్తు. "గుమ్మంలో కూర్చుంటే ఎవరూ కనపడరు" అన్నారు. అపార్ట్‌మెంటులో అసలు గుమ్మంలో కూర్చునే వీలే లేదు కదా.

ఈ రెండూ ఎలా వేరు చేస్తారని అడుగుతుంటారు. ఒక్క లక్షణంతో తేల్చలేం, రక్తపరీక్షలు, స్కాను కూడా కావాలి. అయినా గదిలో కూర్చుంటే కొన్ని తెలుస్తాయి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు తమ మతిమరుపు గురించి తామే ఎక్కువగా చెప్పుకుంటారు. "నా బుర్ర పనిచెయ్యట్లేదమ్మా, నేను పనికిరాను" అంటారు. ఏది అడిగినా ప్రయత్నించకుండానే "తెలీదు" అనేస్తారు. డిమెన్షియా మొదలైనవాళ్ళు చాలాసార్లు అలా ఒప్పుకోరు. "పొద్దున టిఫిను ఏం తిన్నారు?" అంటే, "ఏముంది, రోజూ తినేదే" అని తప్పించుకుంటారు. లేదా, అడగ్గానే తల భార్యవైపు తిరుగుతుంది. ఆ తల తిరగడం కోసం నేను కనిపెట్టుకుని చూస్తాను. ఇంకోటి, "ఎప్పట్నుంచి?" అని ఇంట్లోవాళ్ళని అడిగితే, డిప్రెషన్ అయితే "దసరా తరవాత నుంచి" అని చెప్పగలరు. డిమెన్షియా అయితే ఒకళ్ళు రెండేళ్ళంటారు, ఒకళ్ళు నాలుగేళ్ళంటారు, అక్కడే గొడవపడతారు. రెండూ కలిసి ఉన్నవాళ్ళూ చాలామందే ఉంటారు. అది వేరే తలనొప్పి.

మాటల దగ్గర కాస్త ఆగుతాను. ఇది నాకిష్టమైన విషయం. పెద్దవాళ్ళలో డిప్రెషన్‌ని పట్టుకోవడానికి అమెరికాలో 1980ల్లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు, జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్ అని. అవును, కాదు అని చెబితే చాలు. మొదట ముప్ఫై ప్రశ్నలు, తరవాత పదిహేనుకి కుదించారు. అందులో నిద్ర గురించి, ఒళ్ళునొప్పుల గురించి, ఆకలి గురించి కావాలనే అడగరు. ఆ వయసులో అవి వేరే జబ్బుల వల్ల కూడా వస్తాయి కదా, లెక్క తప్పుతుందని. మంచి ఆలోచనే. కానీ మన ఊళ్ళలో పెద్దావిడకి మనసు బాగోకపోతే ఏమంటుంది? "కాళ్ళు లాగేస్తున్నాయి, గుండెల్లో దడ, కడుపులో ఏదో తిప్పుతోంది, ఒంట్లో ఓపిక లేదు" అంటుంది. "నాకు విచారంగా ఉంది" అని మా అమ్మమ్మ జీవితంలో ఎప్పుడూ అనలేదు. అంటే, నా చేతిలో కాగితం ఏది అడగొద్దంటోందో, ఆవిడ సరిగ్గా అదే చెబుతోంది.

అందుకని నేను మన మాటలతోనే అడుగుతాను. "బెంగగా ఉందా?" అంటే ఒక జవాబు, "దిగులుగా ఉందా?" అంటే ఇంకో జవాబు వస్తుంది, గమనించండి. బెంగ అంటే ఎవరి మీదో, దేని మీదో ఉండాలి. మనవడి మీద బెంగ, ఊరి మీద బెంగ. కారణం చెప్పలేకపోతే దిగులు అంటారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చేది దిగులు. "గాభరాగా ఉంది" అంటే ఆందోళన వైపు చూడాలి. "విరక్తి వచ్చేసింది" అన్నారంటే నేను పెన్ను కింద పెట్టేస్తాను. మన పెద్దవాళ్ళు విరక్తిని వైరాగ్యంతో కలిపేస్తారు, అదేదో పై మెట్టు అయినట్టు. గుడికి వెళ్ళే ఆవిడ గుడి మానేసి, "విరక్తి" అంటే అందులో భక్తి ఏముంది?

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. 1998 జూన్. ఉద్యోగంలో కొత్త. కోనసీమ నుంచి ఒకావిడని కొడుకు తీసుకొచ్చాడు. డెబ్భై దాటాయి. బడికి వెళ్ళలేదు. మినీ మెంటల్ స్టేటస్ అని 1975లో వచ్చిన పరీక్ష, ప్రపంచమంతా వాడతారు, ముప్ఫై మార్కులు. మొదటి అయిదు మార్కులు తేదీ, వారం, నెల, సంవత్సరం, కాలం. నేను అడిగాను, "ఇవాళ తేదీ ఎంతమ్మా?" ఆవిడ, "ఆరుద్ర వచ్చి నాలుగు రోజులైంది" అన్నారు. "నెల?" "ఆషాఢం ఇప్పుడేగా వచ్చింది." "ఏ సంవత్సరం?" "బహుధాన్య." నేను సున్నా, సున్నా, సున్నా అని వేసుకుంటూ పోయాను. పైగా "సంబంధం లేని జవాబులు" అని పక్కన రాశాను. ఆ సాయంత్రం హాస్టల్లో వంటావిడ గోడకి తగిలించిన పంచాంగం క్యాలెండరు చూశాను. ఆవిడ చెప్పినవన్నీ సరైనవే. ఆరుద్ర కార్తె ఎన్నో రోజో నాకు తెలీదు, ఆవిడకి తెలుసు. మరి సున్నా ఎవరికి రావాలి?

మర్నాడు మళ్ళీ పిలిపించి, వేరే విధంగా అడిగాను. కొబ్బరికాయల లెక్క, పాలవాడి లెక్క, మనవల వరస, నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా ఏ పని తరవాత ఏది. అక్కడ ఆవిడ నిజంగా తడబడ్డారు. పిల్లల వరసలో ఇద్దర్ని వదిలేశారు, చెప్పిన కథే రెండుసార్లు చెప్పారు. జబ్బు ఉంది. కానీ నేను వెతికినచోట లేదు. ఇలాంటి తిప్పలు ఇంకొందరూ పడ్డారు. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళ కోసం ఈ పరీక్షని హిందీలో మార్చి 1995లో ప్రచురించారు. ఆ తరవాత ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఒక పరీక్షల సంపుటి తయారుచేశారు. ఇవాళ మాకు తెలుగులో పనికొచ్చే పరీక్షలున్నాయి. అయినా తమాషాలు తప్పవు. "ఒక్క నిమిషంలో ‘ప’తో మొదలయ్యే మాటలు చెప్పండి" అని ఒక రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి అడిగాను. "ప ఒక్కటేనా, గుణింతం మొత్తమా? ‘ప్ర’ లాంటి ఒత్తులు పరిగణిస్తారా?" అని మొదలుపెట్టారు. ఇంగ్లీషు పరీక్షని తెలుగులోకి తెస్తే గుణింతం అడ్డొస్తుందని ఆయన నాకు పాఠం చెబుతుండగానే నిమిషం అయిపోయింది. ఆయన జ్ఞాపకశక్తికేం ఢోకా లేదని ఆ వాదనతోనే తెలిసింది. (నవ్వులు)

హైదరాబాదు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నిమ్స్ ఆసుపత్రిలో మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం చేసింది. రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి, ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు లక్షణాలు కనపడ్డాయి. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఆ తేడా ఉంది. ఇది హైదరాబాదులోనే బయటపడటంలో వింతేముంది? అక్కడ తోపుడుబండి ఆయన కూడా తెలుగు, దక్కనీ, హిందీ మూడూ మాట్లాడేస్తాడు. దీన్ని పట్టుకుని రేపట్నుంచి ఫోన్లో ఫ్రెంచి నేర్చుకోనక్కర్లేదు. ఆ భాషలన్నీ వాళ్ళు జీవితమంతా, బేరాలాడుతూ, పోట్లాడుకుంటూ వాడినవి.

ఇక లెక్క. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఉంటుందని 2023లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. నేను ఈ అంకెని ఇంకోవైపు నుంచి చూడమంటాను. వందమందిలో తొంభై ఇద్దరికి పైగా ఆ జబ్బు లేదు. అంటే ముసలితనం అంటే మతి పోవడమే అన్నమాట తప్పు. ‘ఈ వయసులో మామూలే’ అని ఇంట్లోవాళ్ళు అంటారు, పక్కింటివాళ్ళు అంటారు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవాళ్ళూ అంటారు. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ వెతకరు. థైరాయిడ్ తక్కువై ఉండొచ్చు, బి12 తగ్గి ఉండొచ్చు, బాత్‌రూములో పడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వీటికి వైద్యం ఉంది. ఆలస్యమైతే పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది డెలీరియం, అంటే ఒంట్లో బాగోలేనప్పుడు ఉన్నట్టుండి మనసు గందరగోళమైపోవడం. తుంటి ఎముక ఆపరేషనైన ఆవిడ రెండో రోజు రాత్రి "గదిలో పిల్లలు తిరుగుతున్నారు" అంటుంది, సెలైన్ గొట్టం పీకేస్తుంది, పొద్దున్నకి కాస్త బాగుంటుంది, సాయంత్రం మళ్ళీ మొదలు. ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది" అని తాయెత్తు కడతారు, లేదా "అమ్మకి పిచ్చెక్కింది" అని నాకు ఫోను చేస్తారు. ఇది గంటల్లో, రోజుల్లో వచ్చిందా? అయితే నా దగ్గరికి కాదు, ముందు ఫిజీషియన్ దగ్గరికి పరుగెత్తాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివే కారణాలు. డిమెన్షియా వారం రోజుల్లో రాదు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతా నా ప్రసంగం మర్చిపోయినా నాకు అభ్యంతరం లేదు.

మందులంటే గుర్తొచ్చింది. ఈ హాల్లో ఎంతమంది రాత్రి పడుకునే ముందు "అర మాత్ర" వేసుకుంటున్నారు? చేతులెత్తొద్దు, నాకు తెలుసు. అల్‌ప్రాజొలాం, నిద్రకీ ఆందోళనకీ వాడే మాత్ర. పదేళ్ళ కిందట ఎవరో పది రోజులకి రాసిస్తే, ఆ చీటీ నలిగి చిరిగిపోయినా మందుల షాపు అబ్బాయికి మీ ముఖం చూస్తే చాలు. ఆ వయసులో అది పగటిపూట మబ్బుగా ఉంచుతుంది, మతిమరుపు పెంచుతుంది, రాత్రి లేచినప్పుడు పడేస్తుంది. అలాగని నా మాట విని ఇవాళ రాత్రే మానెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల మీద తగ్గించుకోవాలి. మేం దానికి తోడుగా నిద్ర అలవాట్ల మీద పనిచేస్తాం. ఎనిమిదింటికే మంచమెక్కి, రెండింటికి మెలకువ వచ్చి, "నాకు నిద్ర పట్టట్లేదు" అనేవాళ్ళు చాలామంది. ఆరు గంటలు పడుకున్నారు కదండీ మరి!

మాటలతో వైద్యం అంటే ఏం చేస్తారని అడుగుతారు. ఒక హెడ్మాస్టరుగారి సంగతి చెబుతాను. ఊరు, వివరాలు మార్చాను, వెతక్కండి. భార్య పోయింది. పిల్లలిద్దరూ అమెరికాలో. మొదటి ఏడాది మాసికాలనీ, వచ్చేపోయే చుట్టాలనీ, బ్రాహ్మణుణ్ణి మాట్లాడటం, సరుకులు తేవడం అనీ ఏదో ఒక పని ఉండేది. సంవత్సరీకం అయిపోయింది. మర్నాటి నుంచి ఏం లేదు. నేను చాలాసార్లు చూశాను, మనిషి పోయిన నెలలో కాదు, సంవత్సరీకం అయిన రెండు మూడు నెలలకి నా దగ్గరికి వస్తారు. అప్పటికి అందరూ "ఏడాదైంది కదా" అనేస్తుంటారు.

ఆయన ఎనిమిది కిలోలు తగ్గారు. రాత్రి ఇండియా టైము ఎనిమిదిన్నరకి పిల్లల వీడియో కాల్. అప్పటికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. "బాగున్నానురా" అనేవారు. కాల్ అయ్యాక చొక్కా విప్పి దండేనికి తగిలించి పడుకునేవారు. నడుం పైభాగానికే చొక్కా, కింద రెండు రోజుల నాటి లుంగీ. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పారు, చెబుతూనే ఏడ్చారు.

నేను చిన్ననాటి సంగతులు, మనస్తత్వ సిద్ధాంతాలు తియ్యలేదు. "పొద్దున లేవగానే ఏం చేస్తారు మాస్టారూ?" అని అడిగాను. "కాఫీ కోసం చూస్తాను" అన్నారు. నలభై ఆరేళ్ళు ఆవిడ ఇచ్చింది. ఆయనకి డికాక్షన్ దించడం రాదు. హోటలుకి వెళ్ళి తాగడం నామోషీ. అంటే రోజు మొదలవ్వడమే ఆవిడ లేకపోవడంతో మొదలవుతోంది. మా మొదటి నెల చికిత్స ఫిల్టరు కాఫీ. గిన్నెలో నీళ్ళు ఎంత, పొడి ఎన్ని చెంచాలు, ఎంతసేపు దిగనివ్వాలి. నోటుబుక్కులో రాసుకున్నారు, మాస్టారు కదా. మూడో వారం "నిన్న ఫరవాలేదు" అన్నారు. తరవాత అన్నం, చారు. తరవాత పక్కింటి పిల్లలిద్దరికి లెక్కలు. దీనికి మా పుస్తకాల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని పెద్ద పేరుంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూడకుండా, చిన్న పని ముందు చేస్తే ఉత్సాహం దాని వెనక వస్తుందన్నది అందులో సూత్రం. ఆయనకి సైకియాట్రిస్టు మందు కూడా ఇచ్చారు, దాచడం ఎందుకు. రెండూ కలిసి పనిచేశాయి.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. "చాలమ్మా, ఇంక ఆ దేవుడు తీసుకెళ్ళిపోతే బాగుండు." ఈ మాట అనని ఇల్లు తెలుగునాట ఉందా? ఎక్కువసార్లు అది మాటవరసకి అన్నదే. పండిన ఆకు రాలడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పడం. కానీ ఒక్కోసారి కాదు. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అడిగితేనే. "ఆయన తీసుకెళ్ళాలని ఉందా, మీకే ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని నేను సూటిగా అడుగుతాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. పుట్టదు. చాలామంది, "అబ్బెబ్బే, అదేం మాటమ్మా" అని నవ్వుతారు. కొందరు నవ్వరు. కళ్ళు దించుకుంటారు. అప్పుడు నేను ఇంట్లోవాళ్ళని పిలిచి, ఇంట్లో పురుగుమందు ఎక్కడుంది, మాత్రలు ఎవరి చేతిలో ఉన్నాయి అని అడుగుతాను, ఆ రోజే సైకియాట్రిస్టుకి చూపిస్తాను. పెద్దవాళ్ళు కుర్రవాళ్ళలా ముందుగా ఎక్కువ సూచనలు ఇవ్వరు, ప్రయత్నం చేస్తే బయటపడటమూ తక్కువ. ఉన్నట్టుండి బంగారం పంచిపెట్టడం, బాకీలన్నీ తీర్చెయ్యడం, తినడం మందులు వేసుకోవడం మానెయ్యడం, ఇలాంటివి చూస్తే ఊరుకోకండి. 14416, టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఫోన్లో ఇప్పుడే రాసుకోండి, నేను ఆగుతాను.

(కాసేపు ఆగారు.)

ఇంక ప్రశ్నలు తీసుకుంటాను.

ఆ... అమ్మగారు అడుగుతున్నారు, వాళ్ళ అత్తగారు గాజులు కోడలే దొంగిలించిందంటున్నారట. ఆ కోడలు మీరేనా? (నవ్వులు) నవ్వకండి, పదేళ్ళు సేవ చేసి దొంగ అనిపించుకోవడం ఎంత బాధో. అమ్మా, అది మీ మీద కోపం కాదు. గాజులు భద్రంగా దాచిన సంగతి ఆవిడకి గుర్తులేదు, గాజులు లేవన్నది మాత్రం కళ్ళకి కనపడుతోంది. ఆ ఖాళీని పూరించడానికి బుర్ర దగ్గర్లో ఉన్న మనిషిని పెట్టేస్తుంది. ఎక్కువసేపు పక్కనుండేది ఎవరైతే వాళ్ళే దొంగ. వాదించకండి, ప్రమాణాలు చెయ్యకండి. "అయ్యో, గాజులు కనపడట్లేదా, పదండి వెతుకుదాం" అనండి. బియ్యం డబ్బా, దిండు గలీబు, దేవుడి గూట్లో వత్తుల డబ్బా. ఒకసారి దాచినచోటే మళ్ళీ దాస్తారు. అసలు బంగారం లాకర్లో పెట్టి, గిల్టు గాజులు ఇవ్వండి.

వెనక నుంచి చీటీ వచ్చింది. "నాన్నగారికి మతిమరుపు అని సర్టిఫికెట్ ఇస్తారా, ఆయన రాసిన వీలునామా చెల్లకుండా?" పేరు రాయలేదు, తెలివైనవారే. (నవ్వులు) ఇవ్వను. మతిమరుపు ఉన్నంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. తన ఆస్తి ఏమిటి, వారసులెవరు, ఈ కాగితం వల్ల ఏం జరుగుతుంది అన్నది ఆ సమయానికి ఆయనకి అర్థమైందా లేదా అన్నదే ప్రశ్న. నిన్న తిన్న కూర గుర్తులేని మనిషికి, చిన్నకొడుకు చూడట్లేదన్న సంగతి స్పష్టంగా తెలిసి ఉండొచ్చు. ఎప్పుడైనా నాకు ఆయనతో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇస్తేనే ఆ విషయంలో నోరు విప్పుతాను. ఇంకో సంగతి, చూసుకుంటారన్న షరతు మీద పిల్లలకి ఆస్తి రాసిచ్చి, తరవాత వాళ్ళు చూడకపోతే, ఆ గిఫ్ట్ డీడ్ రద్దు చెయ్యమని తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. ఆ షరతు కాగితం మీద రాయించుకోండి. మిగతాది లాయరుగారిని అడగాలి.

చివరి ప్రశ్న. మూడో వరసలో మాస్టారు. చెప్పండి.

"మా ఆవిడకి మీరు చెప్పిన జబ్బేనండి. నాలుగేళ్ళైంది. రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళాలని సంచి సర్దుకుంటుంది. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళైందండి. పోయిందని చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టుంది. ఏం చెయ్యమంటారు?"

ఎన్నిసార్లు చెప్పారు, పోయిందని?

"మొదట్లో రోజూ చెప్పేవాణ్ణండి."

రోజూ కొత్తగా కబురు విన్నట్టే కదండీ ఆవిడకి. ఇంక చెప్పకండి. బతికే ఉందని కూడా అనక్కర్లేదు. ఆవిడ అడుగుతున్నది వాళ్ళమ్మ ఎక్కడుందన్న సమాచారం అయ్యుండకపోవచ్చు. సాయంత్రం అయ్యేసరికి భయం వేస్తోంది, భయం వేస్తే అమ్మ కావాలి. అందుకని ముందు దీపాలు వేసెయ్యండి, గదిలో చీకటి పడకముందే. నాలుగున్నరకే ఏదైనా తినిపించండి. సంచి లాక్కోకండి. అలా నాలుగడుగులు ఇద్దరూ కలిసి వీధి చివరిదాకా నడిచి రండి. ఆ తరవాత వాళ్ళ అమ్మగారి గురించే అడగండి. ఎలా ఉండేవారు, ఏం వండేవారు. మీకు తెలుసా, ఏం వండేవారో?

"తెలవకేమండీ. మా అత్తగారి చేతి పనసపొట్టు కూర. ఆవ పెట్టి చేసేవారు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి వాళ్ళింట్లో..."

ఆగిపోయారేం, చెప్పండి. మైకు ఆయనకివ్వండి బాబూ.

"...మొదటిసారి వాళ్ళింట్లో తిన్నప్పుడు ఆవ ఘాటుకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయండి. మా ఆవిడ తలుపు చాటునుంచి చూసి ఒకటే నవ్వు."

ఇవాళ సాయంత్రం ఆవిడకి ఇది చెప్పండి.

"ఆయ్."